కొండవీటి చాంతాడు... కెరటాల దీవి!

ఎవరైనా పొడుగాటి చిట్టా విప్పితే "అబ్బో, కొండవీటి చాంతాడంత వుందే!" అంటాం కదూ! ఆ చాంతాడు మా వూరిదేనండీ. గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు బస్సులో పోతుంటే కుడిచేతి వైపున ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు కొండల వరస కనిపిస్తుంది. ఆ కొండల మీదున్నది రెడ్డిరాజుల కోట. కిందున్నది మా ఇల్లు. ఇక్కడి బావులు మహా లోతనీ, కడవెడు నీళ్ళు తోడాలంటే బారలకొద్దీ తాడు కావలసి వచ్చేదనీ, అందుకే ఆ మాట పుట్టిందనీ పెద్దలు చెబుతారు.

అంటే నీళ్ళ కోసం కిందికి తొంగి చూడటమే తెలిసిన వూరన్నమాట! అలాంటి వూరివాణ్ణి నేను. పత్తిచేలూ, మిరపచేలూ చూస్తూ పెరిగినవాణ్ణి. ఇప్పుడు నేను అండమాన్ దీవులకు వెళ్ళి, పలక మీద నిలబడి, సముద్రపు కెరటం మీద జారాలని ప్రయాణం కట్టానంటే మీకు నవ్వు రావచ్చు. మా స్నేహితులంతా నవ్వారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు. ఈ కథంతా ఆ నవ్వని అమ్మతోనే వచ్చింది.

తెర మీద కెరటం

సర్ఫింగ్ గురించి ఇంగ్లీషు సినిమాలు చూసే కుర్రకారుకి నేను కొత్తగా చెప్పేదేముంది? 1966లో బ్రూస్ బ్రౌన్ అనే ఆయన 'ది ఎండ్‌లెస్ సమ్మర్' అని ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఇద్దరు కాలిఫోర్నియా కుర్రాళ్ళు పలకలు చంకన పెట్టుకుని, ఎక్కడ వేసవి వుంటే అక్కడికి, దేశం తర్వాత దేశం పట్టుకు తిరుగుతారు. కథ లేదు, విలన్ లేడు, డ్యూయెట్ లేదు. అయినా జనం ఎగబడి చూశారు. 1991లో వచ్చిన 'పాయింట్ బ్రేక్'లోనైతే బ్యాంకులు దోచే ముఠా అంతా సర్ఫర్లే! వాళ్ళని పట్టుకోవటానికి హీరో కీనూ రీవ్స్ కూడా పలక ఎక్కటం నేర్చుకోవలసి వస్తుంది.

మరి మన సినిమాల్లో? సముద్రం లేని తెలుగు సినిమా తక్కువే. 1978లో 'మరోచరిత్ర' వచ్చాక విశాఖ, భీమిలి తీరాలు ప్రేమికులకు తీర్థయాత్రా స్థలాలైపోయాయి. కాని మన హీరో ఒడ్డున పరుగెత్తుతాడు, ఇసుకలో పేరు రాస్తాడు, రాళ్ళ మీద కూర్చుని విషాదగీతం పాడతాడు. కెరటం ఎక్కడు. సముద్రం మనకి బ్యాక్‌గ్రౌండే తప్ప పాత్ర కాదు కాబోలు!

ఇప్పుడు కాలం మారింది. టోక్యో ఒలింపిక్స్‌లో (అవి జరిగింది 2021లో లెండి) సర్ఫింగ్ మొదటిసారి పోటీగా చేరింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలు పారిస్‌లో కాదు, ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవిలో జరిపారు. పారిస్‌లో కెరటాలు లేవు కదా మరి! 2025 ఆగస్టులో మన పక్కనే మహాబలిపురంలో ఆసియా స్థాయి పోటీలు జరిగితే, భారతీయుడు రమేష్ బుదిహాల్ కంచు పతకం గెలుచుకున్నాడు. అది వార్తల్లో చూసిన రోజున మా బావ నాకు ఫోన్ చేసి ఒకే మాటన్నాడు: "బావా, మనం ఎప్పుడు?"

కోట మీద ప్లాను

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. కనుమ మర్నాడు నేనూ, మా మేనత్త కొడుకు, అంటే ఆ ఫోన్ చేసిన బావా, స్టిల్స్ తీసే మిత్రుడొకడూ కలిసి రెండు బైకుల మీద కోటకి ఎక్కాం. వెనక అయితే మెట్లూ రాళ్ళూ పట్టుకుని రొప్పుతూ ఎక్కేవాళ్ళం. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది. పైన చెరువు గట్టున కూర్చుని వేరుశనక్కాయలు నములుతూ, ఫోనులో అండమాన్ పటం పెద్దది చేసుకుని చూశాం. బంగాళాఖాతంలో ఎవరో పూసల దండ తెంపి పారేసినట్టున్నాయి ఆ దీవులు. వాటిల్లో దక్షిణాన వున్నది లిటిల్ అండమాన్. ఓడ ఆగే చోటు హట్ బే. అక్కడికి దగ్గర్లోనే బట్లర్ బే అనే తీరం. దేశంలో మంచి కెరటాలు ఎక్కడ అని ఏ సర్ఫర్‌ని అడిగినా చెప్పే నాలుగైదు పేర్లలో అదొకటి.

"ఇంత ఎండు కొండ మీద కూర్చుని సముద్రానికి ప్లాను వేస్తున్నాం. మనకేం పని గురూ అక్కడ?" అని నవ్వాడు ఫోటోగ్రాఫర్ మిత్రుడు. వాడిది విజయవాడ. మా కొండ గొప్పతనం వాడికేం తెలుసు!

నాకు ఉక్రోషం వచ్చింది. తెలిసిన చరిత్రంతా వాడి నెత్తిన కుమ్మరించాను. మీకూ కొంచెం చెబుతాను, వినండి.

కొండవీటి రాజుల్లో కుమారగిరిరెడ్డి అని ఒకాయన వుండేవాడు. ఆరువందల ఏళ్ళ కిందటి మాట. ఏటేటా వసంతోత్సవాలు జరిపించి, కర్పూరం వెదజల్లించేవాడు. అందుకే ఆయనకు కర్పూర వసంతరాయలు అని బిరుదు. మరి ఆ కర్పూరం ఎక్కడిది? మా కొండ మీద కర్పూరం చెట్లు లేవే! అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడు ఓడల మీద దేశదేశాల నుంచి తెప్పించేవాడు. కర్పూరం, కస్తూరి, ముత్యాలు, చీనా పట్టుబట్టలు... శ్రీనాథ మహాకవి తన 'హరవిలాసం' ఆయనకే అంకితమిచ్చి ఆ సరుకుల జాబితా పద్యంలో పెట్టాడు. శ్రీనాథుడంటే మన పాఠకులకు 1993లో బాపు తీసిన 'శ్రీనాథ కవిసార్వభౌముడు'లో ఎన్టీఆర్ గుర్తుకొస్తారు కదా, ఆయనే. పెదకోమటి వేమారెడ్డి కాలంలో ఇదే కొండవీట్లో విద్యాధికారిగా పనిచేశాడు.

ఆ రోజుల్లో మేలైన కర్పూరానికి పేరుపడ్డది సుమత్రా దీవి. పటంలో చూడండి: లిటిల్ అండమాన్ నుంచి కిందికి వస్తే నికోబార్లు, అవి దాటితే సుమత్రా. అంటే ఇప్పుడు మేం పోదామనుకున్న దోవ మా వూరి కర్పూరం వచ్చిన దిక్కేనన్నమాట!

ఆ ఓడలు దిగిన రేవు మోటుపల్లి. చీరాలకు దక్షిణంగా వుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ ఒక శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు ఏం చేసేవాళ్ళంటే, తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా బలవంతాన లాగేసుకునేవాళ్ళట! చావు తప్పి ఒడ్డెక్కినవాడికి ఒడ్డున మళ్ళీ చావన్నమాట. గణపతిదేవుడు అది మాన్పించాడు. 'ప్రాణం కంటే ధనం తీపి అని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళు వీళ్ళు, సుంకం తప్ప ఏమీ తీసుకోం' అన్న అర్థం వచ్చేట్టు అభయమిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఆ తర్వాత మా కొండవీటి అనవోతారెడ్డి 1358లో అదే రేవులో ఇంకో శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు భూములూ, ఇష్టమొచ్చినవాళ్ళకు సరుకు అమ్ముకునే స్వేచ్ఛా ఇచ్చాడు.

నేను అంతా చెప్పి ఆయాసపడుతుంటే మా మిత్రుడు చల్లగా అన్నాడు: "బాగానే వుంది గురూ. ఇంతకీ నీకు ఈతొచ్చా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మిమ్మల్ని వాడరేవు తీసుకుపోవాలి.

వాడరేవులో ఒక మధ్యాహ్నం

మాకు ఈత నేర్పేది బావి. నడుముకు ఎండు సొరకాయ బుర్రో, ట్రాక్టర్ ట్యూబో కట్టి, మేనమామ వెనకనుంచి ఒక్క తోపు తోస్తాడు. ఆ రోజున బతికితే ఈత వచ్చినట్టే! నాకు అలాగే వచ్చింది. పన్నెండో ఏట మోట బావి గట్టు మీద నుంచి తలకిందులుగా దూకి అడుగున మట్టి తెచ్చేవాణ్ణి. కోతల కాలంలో కూలికొచ్చిన ఆడవాళ్ళు చూసి ఆశ్చర్యపోతుంటే సినిమా హీరోలా జుట్టు వెనక్కి విసిరేవాణ్ణి.

డిగ్రీ రెండో ఏడు. ఒక ఆదివారం ఆరుగురం చీరాల వెళ్ళి, అక్కడ నుంచి వాడరేవు బీచికి పోయాం. మిగతావాళ్ళు మోకాలి లోతులో కేరింతలు కొడుతుంటే, నేను బావి హీరోని కదా, ఇంకొంచెం లోపలికి వెళ్ళాను. అటూ ఇటూ కెరటాలు విరుగుతున్నాయి, మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, నిమ్మళంగా వుంది. అక్కడ హాయిగా వుందనుకున్నాను. రెండు నిమిషాల్లో కాళ్ళకి ఇసుక తగలటం మానేసింది. ఒడ్డు వైపు ఈదుతున్నాను. ఈదుతున్నకొద్దీ ఒడ్డు వెనక్కి పోతోంది. స్నేహితులు బొమ్మలంతయ్యారు. గొంతులో ఉప్పునీళ్ళు. కేక వెయ్యటానికి ఊపిరి లేదు.

పిల్లలూ, ఒక్క సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇసుక తీరంలో కెరటం విరగని నున్నటి పాయ కనిపించిందంటే అది మంచి చోటు కాదు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోయే కాలవ అది. దానికి ఎదురీదితే ఒలింపిక్ వీరుడైనా అలిసిపోతాడు. చెయ్యవలసింది ఏమిటంటే, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయలోంచి తప్పుకోవాలి. అది చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి వూపాలి. ఈ నాలుగు ముక్కలూ ఆనాడు నాకెవరూ చెప్పలేదు. ఏటా సెలవుల్లో మన తీరాల్లో కాలేజీ పిల్లలు మునిగిపోయిన వార్తలు చదివినప్పుడల్లా ఆ పాయే కళ్ళకు కడుతుంది.

నా అదృష్టం కొద్దీ అప్పుడే వేట నుంచి ఒక తెప్ప వస్తోంది. నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్ప. దాని మీద ఒక పెద్దాయన. మాటా పలుకూ లేదు. జబ్బ పట్టి నన్ను దుంగల మీదికి లాగి బోర్లా పడేశాడు. ఇక ఒడ్డుకు పోతాడనుకుంటే, పోడే! తెడ్డు నీళ్ళలో ఆనించి వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. ఒక కెరటం వచ్చింది, పోనిచ్చాడు. రెండోది వచ్చింది, పోనిచ్చాడు. మూడోది దూరాన వీపు ఎత్తగానే నాలుగు బారలు గట్టిగా తెడ్డేశాడు. అంతే! తెప్ప ముక్కు కిందికి వంగింది, వెనకనుంచి ఎవరో తోసినట్టు ఒక్క వూపున ఆ కెరటం మమ్మల్ని మోసుకొచ్చి ఇసుక మీద దింపింది.

దిగగానే లెంపకాయ ఒకటి కొట్టాడు. "బావిలో ఈతొచ్చండీ" అని ఏడుస్తూ చెప్పాను. "బావిలో నీళ్ళు వున్నచోటే వుంటాయి బాబూ. ఇవి వుండవు" అన్నాడు. అంతే, వలలు సర్దుకుంటూ వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

చాలా ఏళ్ళ తర్వాత సర్ఫింగ్ వీడియోలు చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. వెనక్కి చూస్తూ కాచుకోవటం, పనికిరాని కెరటాన్ని పోనివ్వటం, సరైనది రాగానే నాలుగు బారలు వెయ్యటం... హవాయి వాళ్ళు పలక మీద చేసేది మన తెప్పవాళ్ళు దుంగల మీద చేస్తూనే వున్నారు. వాళ్ళది ఆట, మనవాళ్ళది కూడు. పూరీలో యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించే నులియాలు కూడా తెలుగు మాట్లాడే జాలరులేనని ఎంతమందికి తెలుసు?

ఆ సాయంత్రం సంగతి తెలిసి అమ్మ అన్నం ముట్టలేదు. నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, "ఇంకెప్పుడూ సముద్రంలో దిగనని నా మీద ఒట్టెయ్యి" అంది. వేశాను. సినిమాల్లో ఒట్టు వేస్తే మూడు రీళ్ళకి తీరిపోతుంది. నాది పదమూడేళ్ళు నడిచింది.

చిట్టా విప్పితే...

ఒట్టు సంగతి తర్వాత చూద్దామని ముందు లెక్కలు వేశాం. తలకి ముప్పై వేలు మించకూడదు, తొమ్మిది రోజులకు మించి ఎవరికీ వీలు పడదు. ఇవీ హద్దులు.

విశాఖ నుంచి అండమాన్‌కి ఓడ వుంది. కాని అది తరచుగా నడిచేది కాదు. పైగా రెండు రోజులకు మించిన ప్రయాణం. రాకపోకలకే వున్న రోజుల్లో సగం చెల్లు! కనుక చెన్నై నుంచి విమానమే గతి. రెండు గంటల్లో పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. 'కాలాపాని' సినిమాలో మోహన్‌లాల్‌ని సంకెళ్ళతో దింపిన వూరు అదే. సెల్యులార్ జైలు అక్కడే. అక్కడ నుంచి హట్ బేకి సర్కారు ఓడలో ఆరేడు గంటలు, సముద్రం బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. మరీ బాగాలేకపోతే ఆ రోజు ఓడే వుండదు.

కాగితం మీద పెడితే ఇలా తేలింది: గుంటూరు నుంచి చెన్నైకి రైలు ఒక రోజు. విమానం ఒక రోజు. ఓడ ఒక రోజు. తిరుగు ఓడ ఒక రోజు. ఓడ తప్పితే కాచుకోవటానికి చేతిలో ఒక రోజు. తిరుగు విమానమూ రైలూ ఒక రోజు. మొత్తం ఆరు. మిగిలింది మూడు. తొమ్మిది రోజుల ప్రయాణం, మూడు రోజుల కెరటం!

"కాశీకి పోయి గంగలో ఒకే మునక వేసి వచ్చినట్టుంది" అన్నాడు బావ. నిజమే. అయినా ఎవ్వరం మానుకుందామనలేదు.

ఏ నెలలో పోవాలి? అక్కడి కెరటాలు మన తుఫానుల వల్ల పుట్టేవి కావు. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన, అంటార్కిటికా వైపు, పెనుగాలులు వీస్తాయి. ఆ గాలికి లేచిన నీటి ఊపు వేల కిలోమీటర్లు నడిచి, చిన్నాచితకా అలలన్నీ దోవలో రాలిపోగా, పెద్దవి మాత్రం వరస తీరి దీవులకు చేరతాయి. మార్చి నడిమి నుంచి మే నడిమి దాకా ఆ వరసలు వస్తూంటాయి, పైన గాలి నెమ్మదిగా వుంటుంది. అందుకని అదే అదను. జూన్ వచ్చిందంటే రుతుపవనాలు, అక్టోబరు దాటితే మన వైపు వాయుగుండాలు.

ఇక చిక్కులు. అక్కడ చాలాచోట్ల కెరటం విరిగేది ఇసుక మీద కాదు, పగడపు దిబ్బ మీద. పడితే ఒళ్ళు కొబ్బరి కోరు మీద గీసినట్టవుతుంది. వాగులు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్ళుంటాయి. పెద్ద దెబ్బ తగిలితే పెద్ద వైద్యానికి మళ్ళీ అదే ఓడ, అదే రాజధాని. ఇంకో సంగతి: ఆ దీవిలో ఓంగీలనే ఆదిమజాతి వుంది. 2011 జనాభా లెక్కల నాటికి నూరుమంది మాత్రమే మిగిలారు. వాళ్ళుండే అడవీ, తీరమూ 1956 నాటి చట్టం కింద రక్షిత ప్రాంతం. అటువైపు ఎంత గొప్ప కెరటం విరుగుతున్నా మనం పోకూడదు. ఫోటోల కోసమైనా పోకూడదు. మా మిత్రుడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గాని, కెమెరా మీద ఒట్టు వేయించుకున్నాం.

తేవలసిన సామాను రాస్తే అదీ పొడుగైంది. పలక, పలకకి పూసే మైనం, కాలి తాడు, ఒరిపిడి తగలకుండా చేతుల చొక్కా, పగడపు గాట్లకు మందు, దోమల మందు, ఓడలో వాంతులకు బిళ్ళలు... బావ చదివి "ఇదిగో, అసలు కొండవీటి చాంతాడు!" అన్నాడు.

ముందు రుషికొండ

ముగ్గురిలో ఒక్కడికీ పలక మీద నిలబడటం రాదు. ఏమీ రాకుండా అంత దూరం పోవటం, పాట రాకుండా రికార్డింగ్ థియేటర్‌కి పోవటం వంటిది. అందుకని ఫిబ్రవరిలో నేను విశాఖ వెళ్ళి రుషికొండలో ఆరు రోజులున్నాను. అమ్మకి మాత్రం "షూటింగ్ కవరేజికి పోతున్నా" అని అబద్ధం చెప్పాను. విలేకరికి ఆ సౌకర్యం వుంది లెండి.

రుషికొండ ఇసుక తీరం. పడినా ఇసుకే. నేర్పిన కుర్రాడు జాలరి ఇంటివాడు, నాకంటే పదేళ్ళు చిన్న. మొదటి పూట నీళ్ళలో దిగనివ్వలేదు. పలకని ఇసుక మీద పెట్టి బోర్లా పడుకోమన్నాడు. చేతులతో బారలు వెయ్యటం, అరచేతులు రొమ్ము పక్కన ఆనించటం, ఒక్క ఎత్తున రెండు కాళ్ళూ కిందికి లాక్కుని నిలబడటం. నలభై సార్లు చేయించాడు. చుట్టూ షికారుకొచ్చిన కుటుంబాలు శనక్కాయలు తింటూ ఉచితంగా కామెడీ సీను చూశాయి.

రెండో రోజు నీళ్ళు. ఎనిమిది అడుగుల మెత్తటి పలక. మొదటి కెరటం పలకని ఒక వైపుకీ నన్ను ఒక వైపుకీ విసిరింది. పదో కెరటమూ అంతే. నా తప్పు ఏమిటంటే, వచ్చిన ప్రతి కెరటాన్నీ ఎక్కబోవటం. నాలుగో రోజున ఆ కుర్రాడు విసుగొచ్చి, "అన్నా, దీన్ని పోనీ... దీన్నీ పోనీ..." అంటూ పలక తోక పట్టుకుని ఆపాడు. మూడోదానికి వదిలాడు. లేచాను. నిలబడ్డాను. రెండు కళ్ళ ముందూ ఒడ్డు నా వైపుకి పరుగెత్తుకొస్తోంది! ఆరు క్షణాలో ఏడు క్షణాలో. వాడరేవులో ఆనాడు నన్ను మోసుకొచ్చిన వూపే అది. ఈసారి బోర్లా పడి లేను, అంతే తేడా.

ఆరు రోజుల్లో అలా నిలబడ్డది మూడంటే మూడు సార్లు. ఇంటికి మాత్రం సెంచరీ కొట్టినవాడిలా వచ్చాను.

అమ్మ అడిగిన ప్రశ్న

ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ నా మొహం చూసింది. ముక్కు మీద తోలు వూడుతోంది. "షూటింగు ఎండలోనా? నీడలో నిలబడేవాళ్ళు కదా మీరు?" అంది. ఇక దాచలేదు. ఒట్టు తప్పాననీ చెప్పాను, అండమాన్ సంగతీ చెప్పాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పొయ్యి దగ్గరే కూర్చుంది.

మీకు 'ఉప్పెన' అంటే 2021లో వచ్చిన సినిమా. అమ్మకి ఉప్పెన అంటే 1977 నవంబరు 19. దివిసీమ. అప్పటికి తనకి పన్నెండేళ్ళు. మర్నాటి నుంచీ వచ్చిన కబుర్లు తన చెవుల్లో ఇంకా వున్నాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి రాష్ట్రమంతా విరాళాలు అడిగిన రోజులవి. అమ్మమ్మ తన రెండు చీరల్లో ఒకటి ఇచ్చేసిందట. తర్వాత 2004 డిసెంబరు 26న సునామీ. హట్ బే అప్పుడు బాగా దెబ్బతింది. ఆ దీవిలో ఓంగీలు మాత్రం సముద్రం తేడాగా వుందని కనిపెట్టి ఎత్తుకి పోయి బతికారు. అది గొప్పగా చెబుదామని నోరు తెరిచాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అల్లుడూ, నువ్వైనా నిజం చెప్పు" అంది మా బావతో. "వాడరేవులో వీణ్ణి లాగటానికి తెప్పాయన వున్నాడు. అక్కడ వుంటాడా?"

బావ నా వైపు చూశాడు. నేను మిత్రుడి వైపు చూశాను. మా చిట్టాలో మైనం వుంది, దోమల మందు వుంది, కెమెరాకి ప్లాస్టిక్ సంచీ కూడా వుంది. లాగేవాడెవడు అన్న సంగతి లేదు! ముగ్గురం చదువుకున్నవాళ్ళం. నెల రోజులు లెక్కలు వేశాం. ఒక్కరికీ తట్టలేదు.

గణపతిదేవుడి శాసనం అప్పుడు నాకు సరిగ్గా అర్థమయింది. కెరటం మీద పోయేవాడికి ధైర్యం వుంటే చాలదు. పగిలినా ఒడ్డెక్కించేవాడు ఒకడున్నాడన్న అభయం వుండాలి. తిప్పయ్యసెట్టి ఓడలు ఆ అభయం మీదే నడిచాయి. నేను చరిత్రంతా వల్లించాను గాని, అందులో నాక్కావలసిన ముక్కే చదవలేదు.

మారిన ప్లాను

కాగితం మళ్ళీ రాశాం. ఈ ఏడు వెళ్ళటం లేదు. ముగ్గురం కలిసి దసరాకు ముందు రుషికొండలో పది రోజులుంటాం. ఒక్కొక్కడూ కనీసం యాభై సార్లు నిలబడాలి, పలక లేకుండా అరగంట ఆగకుండా సముద్రంలో ఈదాలి. అది ఆ కుర్రాడే చూసి 'సరే' అనాలి. ఆయనే మా సెన్సార్ బోర్డు! 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చినవాడు ఆగిపోతాడు.

వచ్చే ఏడు మార్చి ఆఖరి వారంలో ప్రయాణం. చేరిన మొదటి పూట నీళ్ళలో దిగం. ఆ వూరి పడవ మనిషి ఒకరిని కుదుర్చుకుంటాం. ఎక్కడ దిగాలో, ఎక్కడ మొసలి తిరుగుతుందో, ఏ పూట వద్దో ఆయన చెప్పిందే చట్టం. మేం నీళ్ళలో వున్నంతసేపూ ఆయన ఒడ్డున వుండాలి. దాని కోసం ఖర్చు పెరుగుతుంది కనుక ఫోటోగ్రాఫర్ మిత్రుడు కొనదలచిన కొత్త లెన్సు మానుకున్నాడు. బట్లర్ బేలో ఇసుక మీద విరిగే కెరటాలే మావి. పగడపు దిబ్బ కెరటాలను ఒడ్డున కూర్చుని టిక్కెట్టు లేకుండా చూస్తాం. ముగ్గురిలో ఏ ఒక్కడు వద్దన్నా ఆ రోజుకి ముగ్గురమూ దిగం.

ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. ఒట్టు తీసిందా? నోటితో తియ్యలేదు. నా సంచీలో నుంచి కాలి తాడు బయటికి లాగి చూసింది. సర్ఫింగ్ పలకకీ మనిషి చీలమండకీ మధ్య కట్టే తాడు అది. కెరటం విసిరేసినా పలక దూరం పోకుండా, పట్టుకుని తేలటానికి అదే ఆధారం.

"ఇది ఎంత పొడుగు?" అంది.

"తొమ్మిది అడుగులమ్మా."

"ఇంతేనా?" అని పెదవి విరిచింది. లోపలికి వెళ్ళి, దేవుడి గూట్లో నుంచి కర్పూరం పొట్లం తెచ్చి సంచీలో పెట్టింది. దిగేముందు గట్టు మీద వెలిగించాలట.

"కొండవీడులో పుట్టి తొమ్మిదడుగుల తాడు పట్టుకుని పోతున్నాడు చూడు అల్లుడూ, సముద్రం మీదికి!" అంది. అప్పుడు నవ్వింది.